డెస్క్‌టాప్ డేటాబేస్‌లు – మనం నేర్చుకోవలసినదేమిటి?



డిగ్రీ కాగానే మనలో చాలామంది పట్నం వెళ్ళి ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేరతాం. ఏది మంచిదో చెప్పడానికి మన ఇళ్ళలో చదువుకున్నవాళ్ళు ఉండరు. ఫీజు మాత్రం అమ్మానాన్నల కూలి డబ్బే. అందుకే ఎం.సి.ఎ. చదువుతున్న మేము, మాకు అనుభవంలోకి వచ్చిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాం.

సర్వర్ అవసరం లేకుండా, ఒకే కంప్యూటర్లో సమాచారాన్ని పట్టికలుగా దాచి, వెతికి, రిపోర్టు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను డెస్క్‌టాప్ డేటాబేస్ అంటారు. 1980లో వచ్చిన డీబేస్-2 దీనికి దారి వేసింది. తర్వాత ఫాక్స్‌ప్రో వచ్చింది. దానిని తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ను 1992లో మైక్రోసాఫ్ట్ కొన్నది. అదే ఏడాది సొంతంగా యాక్సెస్‌నూ విడుదల చేసింది.

విజువల్ ఫాక్స్‌ప్రో 9 చివరి వెర్షన్. ఇక 10 రాదని మైక్రోసాఫ్ట్ 2007 మార్చిలో ప్రకటించింది. 2015 జనవరితో సపోర్టు కూడా ముగిసింది. అయినా పాత ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి. యాక్సెస్ కొనసాగుతోంది కానీ, 2016, 2019 వెర్షన్లకు 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగింది. యాక్సెస్‌లో ఒక ఫైలు 2 జీబీ దాటకూడదు. 2000లో వచ్చిన ఎస్‌క్యూలైట్ పూర్తిగా ఉచితం. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ అదే. 2050 వరకు సపోర్టు ఇస్తామని దాని రూపకర్తలు చెబుతున్నారు.

మొన్న సెలవుల్లో మేము ఒక ఎరువుల దుకాణం పాత ఫాక్స్‌ప్రో లెక్కలను ఎస్‌క్యూలైట్‌లోకి మార్చాం. ఫాక్స్‌ప్రోకు యూనికోడ్ లేదు కాబట్టి రైతుల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. ఒకే ఎల్లయ్య మూడు స్పెల్లింగులతో మూడుచోట్ల ఉన్నాడు. ఇద్దరు వేరువేరు ఎల్లయ్యల బాకీ ఒకేచోట కలిసిపోయింది. ఒకరి అప్పు ఇంకొకరి నెత్తిన పడింది! పాత చిట్టాలు తిరగేసి సరిచేయడానికి మాకు వారం పట్టింది.

ఈ తప్పు ఫాక్స్‌ప్రోది కాదు, పట్టికను తయారుచేసినవారిది. ప్రతి రైతుకు ఒక నంబరు ఇచ్చి, బాకీల పట్టికలో పేరుకు బదులు ఆ నంబరే రాసి ఉంటే సరిపోయేది. ఆ నంబరునే ప్రైమరీ కీ అంటారు. ఎస్‌క్యూలైట్‌లోకి మార్చినంత మాత్రాన తప్పు పోలేదు, నంబర్లు ఇచ్చాకే పోయింది.

కాబట్టి కోర్సులో చేరేముందు ఏ సాఫ్ట్‌వేర్ అని మాత్రమే అడగకండి. పట్టికల రూపకల్పన, ఎస్‌క్యూఎల్ నేర్పుతారా అని అడగండి. సాఫ్ట్‌వేర్ మారినా ఈ రెండూ పనికొస్తాయి. డబ్బు లేకున్నా ఈరోజే మొదలుపెట్టవచ్చు. మన హాస్టల్ లైబ్రరీ రిజిస్టర్ తీసుకోండి. విద్యార్థులు, పుస్తకాలు, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు అని మూడు పట్టికలు కాగితం మీద గీయండి. సందేహం వస్తే మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి, కలిసి కూర్చుని చూద్దాం.