మెదడులోకి తీగలు ఎందుకు దించుతారు?

మూర్ఛ చాలామందికి మందులతోనే అదుపులోకి వస్తుంది. తగిన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మందిది ఇదే పరిస్థితి. వీళ్లలో కొందరికి ఫిట్స్ మెదడులో ఒకే చోట పుడతాయి. ఆ చోటును తీసేస్తే ఆగిపోవచ్చు. 2001లో వెలువడిన కెనడా అధ్యయనంలో, టెంపొరల్ లోబ్ అనే మెదడు భాగంలో పుట్టే మూర్ఛకు ఆపరేషన్ కోసం కేటాయించినవారిలో 58 శాతం మందికి ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవారిలో ఆ సంఖ్య 8 శాతమే.

మరి ఆ చోటు తెలిసేదెలా? ఎమ్మారైలో మచ్చ కనిపించి, తలపై అతికించి మెదడు విద్యుత్ సంకేతాలు పట్టే ఈఈజీ కూడా అటే చూపిస్తే లోపలికి వెళ్లనక్కర్లేదు. చిక్కల్లా మచ్చ కనిపించనివారితోనూ, రెండు పరీక్షలూ చెరో మాట చెప్పినప్పుడూ. విద్యుత్ సంకేతం పుర్రె ఎముక దాటేసరికి బలహీనపడిపోతుంది. పైగా లోతున పుట్టిన ఫిట్ తలపైన కనిపించే వేళకు చుట్టుపక్కలకు పాకేసి ఉంటుంది. వాము మొత్తం మండుతుంటే ఏ మూల అంటుకుందో దూరం నుంచి చెప్పలేం కదా!

అందుకే 1950ల చివర్లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో జాన్ తలైరాక్, జాన్ బాంకో అనే వైద్యులు మెదడు లోతుల్లోనే సంకేతాలు పట్టే పద్ధతికి పునాది వేశారు. ఇదే స్టీరియో ఈఈజీ. రక్తనాళాలు ఎక్కడున్నాయో ముందే స్కానింగుల్లో చూసుకుని, మత్తు ఇచ్చి, పుర్రెకు సన్నని రంధ్రాలు చేసి, మిల్లీమీటరు కన్నా సన్నని తీగల్లాంటి ఎలక్ట్రోడ్లు దించుతారు. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు.

తర్వాతిదే కష్టమైన ఘట్టం. వారం రెండు వారాలు కెమెరా ముందు మంచం మీద ఉంచి, మందులు తగ్గించి, ఫిట్ కోసం ఎదురుచూస్తారు. ఇన్నేళ్లూ ఏది రాకూడదని మొక్కుకున్నారో అది రావాలని కుటుంబమంతా కనిపెట్టుకుని కూర్చోవడం మామూలు ధైర్యం కాదు.

అవే ఎలక్ట్రోడ్ల గుండా కొద్దిపాటి కరెంటు పంపి మాట, చెయ్యి కదలిక ఏ చోట్ల ఆధీనంలో ఉన్నాయో కూడా చూస్తారు. తీయకూడని చోటు తీసేస్తే నష్టం తీరనిది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే మూర్ఛ రోగికి మెదడు రెండువైపులా జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ భాగాలు తీసేశారు. ఫిట్స్ తగ్గాయి కానీ, కొత్త సంగతులు గుర్తుపెట్టుకునే శక్తి జీవితాంతం పోయింది.

చికిత్సకూ ఈ ఎలక్ట్రోడ్లు పనికొస్తాయి. కొందరికి వాటితోనే వేడి పుట్టించి మూలాన్ని కాలుస్తారు. తీసేయడానికి వీల్లేని చోటైతే శాశ్వతంగా అమర్చే పరికరాలున్నాయి. అమెరికాలో 2013లో అనుమతి పొందిన ఆర్ఎన్ఎస్ అనే పరికరం, ఫిట్ మొదలవుతుండగానే పసిగట్టి చిన్న విద్యుత్ స్పందన పంపుతుంది. ఇలాంటి పరికరాలు ఫిట్స్‌ను తగ్గిస్తాయే గానీ, పూర్తిగా ఆపడం కొందరిలోనే.

ప్రమాదం లేదా? ఉంది. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికి రావచ్చు. ఇంతా చేశాక ఫిట్స్ పలుచోట్ల పుడుతున్నాయని తేలి ఆపరేషన్ కుదరకపోవచ్చు కూడా. ఏళ్లతరబడి ఫిట్ వచ్చినప్పుడల్లా తాళంచెవులు చేతిలో పెడుతూ గడపడం కన్నా ఆ సంగతి తెలియడమే నయమని నా నమ్మకం.

హైదరాబాద్ నిమ్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్రలో మూర్ఛకు శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా రెండు మందులతో ఫిట్స్ ఆగకపోతే, ఫిట్ వచ్చినప్పటి ఫోన్ వీడియో తీసుకెళ్లి న్యూరాలజిస్టును సర్జరీ పరీక్షల గురించి అడగండి. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.