పాము కనిపిస్తే కర్ర వెతకొద్దు.. ఫోన్ చేయండి!
జెర్రిపోతుకు విషం ఉండదు. పైగా ఎలుకల్ని తినేస్తుంది. అయినా నాగుపాము అనుకుని కొట్టి చంపేస్తుంటారు. సికింద్రాబాద్, హైదరాబాద్‌లలో ఈ భయం పోగొట్టే పనిలో ఉంది 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ. ఫోన్ వస్తే వెళ్లి పామును పట్టేది వలంటీర్లే. వీళ్లలో విద్యార్థులు, ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లూ ఉన్నారు. పట్టడం సగం పనే.. అదేం పామో ఇంటివాళ్లకు చెప్పి నమ్మించడమే అసలు కష్టం. ఆ తర్వాత అటవీ శాఖ సహకారంతో అడవిలో వదిలేస్తారు.

మన దగ్గర పాముకాటు మరణాలకు ఎక్కువగా కారణం నాలుగే.. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆస్పత్రుల్లో ఇచ్చే యాంటీ వీనం కూడా ఈ నాలుగింటి విషానికే. కాటేస్తే మంత్రాలు, పసర్లు అంటూ టైమ్ పోగొట్టొద్దు. గాయాన్ని కోయొద్దు. కదలనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.