సరేనమ్మా, అడగండి

యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఐ అగ్రీ' ఎంత స్పీడ్‌గా నొక్కేస్తామో మనకి తెలుసు. అదే ఎవరో ఇంటికొచ్చి, "మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? మీ ఆయన ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా?" అని అడిగితే? అక్కడ 'సరే' అనే మాటకి ఎంత బరువుందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గురించి చదివాక నాకు అర్థమైంది.

1992-93లో మొదలైన ఈ సర్వేని ముంబైలోని ఐఐపీఎస్ నడిపిస్తుంది. 2019-21లో జరిగిన ఐదో విడతలో దాదాపు 6.37 లక్షల ఇళ్ళని సర్వే చేశారు.

మొదటిది అంగీకారం. ఎందుకొచ్చారో, ఎంతసేపు పడుతుందో ముందే చదివి వినిపిస్తారు, కాబట్టి చదువు రానివాళ్ళకీ తెలుస్తుంది. ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు. మామగారు సరే అంటే కోడలు సరే అన్నట్టు కాదు, ఆమెని విడిగా అడగాలి. వేలి నుంచి రక్తపు చుక్క తీయాలంటే మళ్ళీ అడగాలి. ఫోన్‌లో కెమెరాకి, లొకేషన్‌కి వేరు వేరు పర్మిషన్లు ఉన్నట్టే ఇది కూడా. పెళ్ళికాని 15-17 ఏళ్ళ అమ్మాయి విషయంలో పెద్దవాళ్ళూ ఒప్పుకోవాలి, ఆమె కూడా ఒప్పుకోవాలి.

రెండోది గోప్యత. ప్రైవసీ అనగానే సీఎస్ వాళ్ళకి హ్యాకర్ గుర్తొస్తాడు. ఇక్కడ మాత్రం వినకూడని మనిషి పక్క గదిలోనే ఉంటాడు! అందుకే గృహహింస ప్రశ్నలు ఎంపిక చేసిన ఇళ్ళలో, ఇంటికి ఒక్క ఆడమనిషినే అడుగుతారు. అత్తగారికీ తోడికోడలికీ ఆ ప్రశ్నలు రావు, కాబట్టి ఈమెని ఏం అడిగారో వాళ్ళు ఊహించడం కష్టం. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం మొత్తం వదిలేస్తారు. డేటా పోయినా పర్లేదు, ఆమెకి దెబ్బ పడకూడదు.

ఆ తర్వాత ఫైల్లో పేరు తీసేస్తే సరిపోతుందా? సరిపోదు. చిన్న పల్లెలో వయసు, పిల్లల సంఖ్య, చదువు తెలిస్తే చాలు, "ఓ, ఫలానా వాళ్ళ కోడలా" అనేస్తారు. అందుకే పరిశోధకులకి ఇచ్చే ఫైల్లో సర్వే చేసిన చోటుని మ్యాప్ మీద కావాలనే పక్కకి జరుపుతారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల వరకు, పల్లెల్లో ఎక్కువగా 5 కిలోమీటర్ల వరకు.

ఇదంతా మర్యాద కోసమే కాదు. భయపడిన మనిషి "మా ఇంట్లో అంతా బాగానే ఉందమ్మా" అంటుంది. ఆ అబద్ధమే రేపు రిపోర్టులో అంకె అవుతుంది.

మన ప్రాజెక్టులకీ ఇదే వర్తిస్తుంది. హాస్టల్లో స్ట్రెస్, నిద్ర మీద వచ్చే గూగుల్ ఫామ్‌లు చాలా చూశాను. పైనే రోల్ నంబర్, పక్కనే ఎర్ర స్టార్. ఫ్రెండ్స్, ఈ సెమిస్టర్ నుంచైనా ఆ స్టార్ తీసేద్దాం. కుదిరితే రోల్ నంబర్ కూడా.