గేటు లేని యూనివర్సిటీ... గోడమీద డాక్టరుగారి గుట్టు

ఎడిటర్‌గారు అప్పగించిన పని సాదాసీదాది. ఇటలీ చదువులకు మన పిల్లలూ వెళ్తున్నారు, పాదువా అనే పాత యూనివర్సిటీ ఊరు ఎలా ఉంటుందో, రైలు దిగి క్యాంపస్‌కి ఎలా చేరాలో పాఠకులకు చెప్పాలి. గురువారం సాయంత్రానికి పేజీలు అచ్చుకు వెళ్ళిపోవాలి. తీరా ఊళ్ళోకి వచ్చాక తేలిందేమిటంటే, చేరడానికి అక్కడ క్యాంపస్ అంటూ ఒక చోటు లేదు. మనకు యూనివర్సిటీ అంటే ముందొక ఆర్చి ఉండాలి, దాని కింద వాచ్‌మన్ ఉండాలి. పాదువాలో విభాగాలన్నీ ఊరి వీధుల్లో కలిసిపోయి ఉంటాయి. కిందో కాఫీ కొట్టు, పక్కనో చర్చి, మధ్యలో మెట్లెక్కితే లెక్చర్ హాలు.

అన్నిటికీ మూలస్థానం మాత్రం పలాజ్జో బో. ఒకప్పుడు ఎద్దు బొమ్మ బోర్డున్న సత్రం ఉండేదక్కడ, ఆ ఎద్దే పేరై నిలిచిపోయింది. ఎదురుగా మునిసిపాలిటీ, నాలుగడుగులు వేస్తే 1831లో తెరిచిన పెద్రోక్కి కెఫే. ఆ నడివీధిలోనే నా కథనం దారి తప్పింది.

బో ముందు ఒకమ్మాయి నిలబడి ఉంది. తలమీద రిబ్బన్ కట్టిన లారెల్ ఆకుల దండ. ఒంటిమీద స్నేహితులు బలవంతాన తొడిగిన వెర్రి వేషం. ఎదురుగా తలుపంత కాగితం, దానిమీద ఆమె బొమ్మే. ఏ లోపాన్ని దాచుకోవాలనుకుంటుందో దాన్నే పదింతలు పెంచి గీశారు. చుట్టూ పద్యాలు. దీన్ని 'పాపీరో' అంటారు. థీసిస్ సమర్పించి, 110కి ఇన్ని మార్కులని పరీక్షకులు ప్రకటించాక పట్టభద్రులు బయటికొచ్చి చేయాల్సిన మొదటి పని, తమ పాపీరోను తామే నడివీధిలో గట్టిగా చదవడం.

అందులో ఉండేది పుట్టుక దగ్గర్నుంచి ఆ పొద్దుటి దాకా జీవిత చరిత్ర. తప్పిన పరీక్షలు, తెగిన ప్రేమలు, తాగి పడిపోయిన రాత్రులు, అద్దె కొంపలో మాడబెట్టిన గిన్నెలు, అమ్మకు చెప్పిన అబద్ధాలు. అన్నిటికీ అంత్యప్రాసలుంటాయి, ఇటాలియన్‌లో కొంత, స్థానిక వెనీషియన్ యాసలో కొంత. పచ్చి బూతులకూ కొదవ లేదు. చదువుతూ తడబడితే వైన్ తాగాలి. తాగితే మళ్ళీ తడబడతారు, అదే ఆట. ఈలోగా గుడ్లో పిండో మీద పడొచ్చు. అమ్మానాన్నలు, ఇస్త్రీ కోటు వేసుకుని పల్లె నుంచి వచ్చిన తాతగారు, అందరూ అక్కడే ఉంటారు. ఆ అమ్మాయి ఓ పద్యం దగ్గర ఆగిపోయి తండ్రివైపు చూసింది. ఆయన కానీ కానీ అన్నట్టు చెయ్యి ఊపాడు. చివర్లో అందరూ కలిసి కొత్త డాక్టరుని ఓ బండబూతు పాటతో సత్కరిస్తారు. (మూడేళ్ళ డిగ్రీ పాసైనా ఇటలీలో 'దొత్తోరే' అనే పిలుస్తారు. మన బీఎస్సీలు కుళ్ళుకోవచ్చు.)

రాసేది స్నేహితులే. చెల్లెళ్ళనీ పాత రూమ్మేట్లనీ కూపీలాగి సరుకు పోగేస్తారు. బొమ్మ గీయడం చేతకాకపోతే డబ్బిచ్చి గీయించుకుంటారు. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని ఆడిపోసుకుంటూ పాడే పాటలు విన్నవాళ్ళకి ఈ రసం ఇట్టే పట్టుబడుతుంది. 18వ శతాబ్దంలో, పాదువా వెనిస్ రాజ్యం కింద ఉన్న రోజుల్లో, ఇంట్లో పెళ్ళి జరిగినా, పట్టా వచ్చినా పొగడ్త పద్యాల పుస్తకం అచ్చు వేయించేవాళ్ళు. డబ్బిచ్చి రాయించుకున్న ఆ పొగడ్తల కంటే ఊరికే దొరికిన ఈ తిట్లే నాకు నిజాయితీగా అనిపించాయి.

చరిత్రను ఒక్క పేరాలో లాగించేస్తాను, చోటు లేదు. 1222లో బొలోన్యా నుంచి అలిగి వచ్చేసిన విద్యార్థులు, గురువులు మొదలుపెట్టిన చదువులివి. కోపర్నికస్ 1501 నుంచి 1503 దాకా ఇక్కడ వైద్యం చదివాడు. వెసాలియస్ శవాలు కోసి పాఠం చెప్పాడు. గెలీలియో 1592 నుంచి 18 ఏళ్ళు లెక్కలు బోధించాడు, గురుగ్రహ చంద్రుల్ని 1610 జనవరిలో ఈ ఊరి నుంచే చూశాడు. రక్తప్రసరణ గుట్టు విప్పిన విలియం హార్వే 1602లో ఇక్కడే పట్టా పుచ్చుకున్నాడు. 1595 నాటి శరీరశాస్త్ర థియేటర్ బోలో ఇప్పటికీ ఉంది. శవం బల్ల చుట్టూ ఆరు వరసల చెక్క గ్యాలరీలు, కూర్చోవడానికి చోటు లేదు, నిలబడే చూడాలి.

పాదువా తన గురించి చెప్పుకునే గొప్ప స్వేచ్ఛ. అందులో నిజం లేకపోలేదు. పట్టా కావాలంటే కేథలిక్ విశ్వాసం ప్రకటించాలని 1564లో పోప్ ఆజ్ఞాపిస్తే, వెనిస్ పాలకులు 1616లో తమ అధికారం కింద వేరే దారి తెరిచి ఇతర మతస్థులకూ పట్టాలిచ్చారు. అయితే బో మెట్ల పక్కన ఉన్న ఓ విగ్రహం దగ్గర ఆ మాట కాస్త నీళ్ళు నములుతుంది. అది ఎలేనా కొర్నారో పిస్కోపియా విగ్రహం. వెనిస్ ప్రభువుల ఇంటి బిడ్డ. వేదాంతశాస్త్రంలో డాక్టరేట్ అడిగితే ఆడదానికా అని బిషప్ బార్బరీగో అడ్డుపడ్డాడు. చివరికి తత్వశాస్త్రంలో ఇవ్వడానికి రాజీ కుదిరింది. 1678 జూన్ 25న జనం పట్టక పరీక్షను కెథెడ్రల్‌కు మార్చారు. 32 ఏళ్ళ ఎలేనా అరిస్టాటిల్ మీద లాటిన్‌లో మాట్లాడి నెగ్గింది. ఉంగరం, పుస్తకం, బొచ్చు అంచు కేప్, లారెల్ దండ అందుకుంది. ప్రపంచంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ అని గైడ్లు గర్వంగా చెప్తారు. ఆ తలుపు వెంటనే మూసేశారన్న సంగతి మాత్రం అంత గట్టిగా చెప్పరు. ఇటలీలో తర్వాతి మహిళ లారా బాస్సీకి పట్టా వచ్చింది 1732లో, అదీ బొలోన్యాలో.

ఊరి పెద్ద మైదానం ప్రాతో దెల్లా వాల్లేలో 78 విగ్రహాలు ఉన్నాయి, అందరూ మగవాళ్ళే. ఖాళీ దిమ్మె మీద ఎలేనాను నిలబెడదామని 2021 చివర్లో కౌన్సిలర్లు ప్రతిపాదిస్తే ఊరంతా రెండుగా చీలి వాదించుకుంది. చారిత్రక స్థలాన్ని కదపకూడదట. నెపోలియన్ సైన్యం పడగొట్టగా ఖాళీ అయిన దిమ్మెకు అంత పవిత్రత ఎక్కడిదో నాకైతే అంతుపట్టలేదు.

బాక్స్: ఎలా చేరాలి

వెనిస్ విమానాశ్రయం నుంచి పాదువాకు నేరుగా బస్సుంది, సుమారు గంట ప్రయాణం. వెనిస్ సాంతా లూచియా స్టేషన్ నుంచి రైలైతే అరగంటకు అటూ ఇటూ. బోర్డు మీద 'పాదోవా' అని చూసుకోవాలి. స్టేషన్ నుంచి బోకి పావుగంట, ఇరవై నిమిషాల నడక. లేదా స్టేషన్ ముందు ట్రామ్ ఎక్కి పోంతీ రొమానీ దగ్గర దిగాలి. రబ్బరు చక్రాల మీద, మధ్యలో ఒకే పట్టాను పట్టుకుని నడిచే వింత ట్రామ్ అది.

బాక్స్: కథలో ఇమడనివి

పెద్రోక్కి కెఫేలో 1848 ఫిబ్రవరి 8న ఆస్ట్రియా సైనికులకూ విద్యార్థులకూ జరిగిన గొడవ నాటి తూటా గుర్తు గోడలో ఉంది. బో ముందు వీధికి ఆ తేదీయే పేరు. 1545 నాటి వృక్షశాస్త్ర తోటలో 1585లో నాటిన తాటిజాతి చెట్టు ఇంకా బతికే ఉంది.

చదువుకు వెళ్ళేవాళ్ళు దిగిన 8 పనిదినాల్లోగా పోస్టాఫీసులో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంజనీరింగ్ విభాగాలు ఎక్కువగా వయా గ్రాదెనీగో వైపు. వ్యవసాయం, పశువైద్యం ఊరి బయట లెన్యారోలో, బస్సెక్కాల్సిందే. అడ్మిషన్ లెటర్‌లో విభాగం చిరునామా చూసుకోకుండా నేరుగా బోకి వెళ్తే టూరిస్టు టికెట్ కొనుక్కోమంటారు.