పాఠశాల క్రీడా కార్యక్రమం: బాలుర బాస్కెట్‌బాల్ ఒక ఉదాహరణ

జట్టు వేరు, క్రీడా కార్యక్రమం వేరు. పోటీల తేదీలు దగ్గరపడగానే 12 మందిని ఎంచి, పది రోజులు ఆడించి పంపితే అది జట్టు. ఎంపిక కాని పిల్లలకు కూడా ఏడాది పొడవునా చోటు ఉంటే అది కార్యక్రమం. జెస్యూట్ ఉన్నత పాఠశాలల్లోని బాలుర బాస్కెట్‌బాల్ ఉదాహరణగా ఈ తేడాను పరిశీలిద్దాం.

జెస్యూట్లు ఇగ్నేషియస్ లయోలా స్థాపించిన కాథలిక్ గురువుల సంఘంవారు. 1540లో పోపు ఆమోదం పొందిన ఈ సంఘం, 1548లో సిసిలీలోని మెస్సీనాలో విద్యాలయం తెరిచింది. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల, సికింద్రాబాదు అల్వాల్‌లోని లయోలా అకాడమీ వీరివే. విద్యార్థిని మార్కులతో కాక పూర్తి మనిషిగా చూడాలన్నది వీరి విద్యావిధానంలో ముఖ్యమైన భావన. ఆటస్థలాన్ని కూడా చదువులో భాగంగా లెక్కించడం దీని నుంచే వస్తుంది.

బాస్కెట్‌బాల్ మాత్రం వీరు కనిపెట్టినది కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాల అధ్యాపకుడు జేమ్స్ నెయిస్మిత్, చలికాలంలో లోపల ఆడించడానికి దీన్ని రూపొందించాడు. పీచ్ పండ్ల బుట్టలు కట్టారు. బంతి అందులో పడితే ఎవరో ఒకరు ఎక్కి తీయాల్సిందే! తరగతిలో 18 మంది ఉన్నారు కాబట్టి జట్టుకు 9 మంది ఆడారు. అంటే ఈ ఆట పుట్టిందే తరగతి మొత్తాన్ని ఆడించడానికి. జట్టుకు ఐదుగురు అనే నియమం తరువాత వచ్చింది.

అమెరికాలోని జెస్యూట్ ఉన్నత పాఠశాలల్లో, అక్కడి ఇతర బడుల్లో లాగే, సాధారణంగా మూడు అంచెల జట్లు ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకటి, ఆపైన ఇంకా నేర్చుకుంటున్నవారికి ఒకటి, చివరిది ప్రధాన జట్టు. ఈ ఏడు పొట్టిగా, నెమ్మదిగా ఉన్న పిల్లవాడు రెండేళ్లలో మారిపోవచ్చు. అప్పటిదాకా అతన్ని ఆటలో నిలిపి ఉంచేది ఈ అంచెలే.

ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల సంగతి చూద్దాం. వాలీబాల్‌కు రెండు గుంజలు, ఒక నెట్, చదునైన నేల చాలు. కబడ్డీకి గుంజలు కూడా అక్కర్లేదు. బాస్కెట్‌బాల్‌కు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గట్టి నేల, 3.05 మీటర్ల ఎత్తులో రింగులు కావాలి. గుంతలు పడ్డ మట్టి మీద బంతి తిన్నగా లేవదు. ఖర్చు భయపెడితే ముగ్గురేసి ఆడే పద్ధతి ఉంది. దానికి ఒకే రింగు, 15 మీటర్లకు 11 మీటర్ల స్థలం సరిపోతాయి.

స్థలం కంటే చిక్కు ప్రశ్న సమయం. సిరిసిల్లలో మరమగ్గాల మీద, కోరుట్లలో బీడీల మీద బతికే ఇళ్లున్నాయి. జగిత్యాల వైపు తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు తక్కువేమీ కాదు. బడి విడవగానే ఇంటి పనికి పరుగెత్తాల్సిన పిల్లవాడికి సాయంత్రం సాధన అందదు. అతనికి ఆసక్తి లేదని ఉపాధ్యాయుడు అనుకుంటే పొరపాటు. సాధనను ఉదయానికి మారిస్తే, లేదా బడివేళల్లోనే రెండు పీరియడ్లు కేటాయిస్తే అతను వస్తాడు. తండ్రి దూరంగా ఉన్న బాలుణ్ణి రోజూ పేరుపెట్టి పిలిచి, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే పెద్దమనిషి వ్యాయామ ఉపాధ్యాయుడే కావచ్చు.

అభ్యాసం: మీ దగ్గరి ఉన్నత పాఠశాలకు వెళ్లి, ఏదైనా ఒక ఆటకు కిందటి ఏడాది ఎంపిక కాని పిల్లలు ఇప్పుడు ఏం ఆడుతున్నారో, ఏ వేళలో ఆడుతున్నారో అడిగి ఒక పేజీ రాయండి.