అర్ధరాత్రి దమ్ము... అన్నింటికీ దుమ్మేనా?

రాత్రి ఒంటిగంట దాటింది. గోదావరిఖనిలోనో, యైటింక్లయిన్ కాలనీలోనో... ఏ సింగరేణి క్వార్టరైనా కావచ్చు. గాఢనిద్రలో ఉన్న పెద్దాయన ఒక్కసారిగా లేచి కూర్చుంటాడు. గాలి అందదు. కిటికీ బార్లా తెరుస్తాడు. అయినా చాలక వాకిట్లోకొచ్చి కుర్చీ వేసుకుంటాడు. పావుగంటకో, అరగంటకో నెమ్మదిస్తుంది. ‘ఏమైంది?’ అని ఇల్లాలు కంగారుపడితే జవాబు సిద్ధంగా ఉంటుంది... ‘ఏం లేదు తీయ్. ముప్పై ఏండ్లు బాయిల దుమ్ము మింగితి. దమ్ము వత్తది మరి!’

ఇద్దరూ మళ్లీ పడుకుంటారు. చిక్కంతా ఆ జవాబులోనే ఉంది.

దుమ్ము అబద్ధం కాదు. 1889లో ఇల్లెందులో మొదలైన సింగరేణి తవ్వకాలు గోదావరి ఒడ్డుకు చేరేసరికి ఎన్నో తరాలు బొగ్గుపొడిని పీల్చాయి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన రోజుల సంగతి చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి లోపలికెళ్లిన పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, అక్కడ మచ్చలు కట్టే జబ్బు పేరు న్యుమోకోనియోసిస్. గని కార్మికులకు వచ్చే వృత్తి వ్యాధుల్లో ఇదొకటని 1952 నాటి గనుల చట్టం కిందే గుర్తించారు. ఒకసారి పట్టిన మచ్చలను చెరిపేసే మందు నేటికీ లేదు.

అయితే ఆ జబ్బు వచ్చే తీరు వేరు. మెట్లెక్కుతుంటే, కూరగాయల సంచి మోసుకొస్తుంటే ఆయాసం వస్తుంది. ఏడాదికేడాది నడక తగ్గుతుంది. పగలంతా మామూలుగా తిరిగిన మనిషిని నడిరాత్రి ఉన్నట్టుండి తట్టిలేపడం దాని పద్ధతి కాదు. అలా లేచి కూర్చోబెట్టే జబ్బుల్లో ముందుగా అనుమానించాల్సింది ఛాతీలోనే ఉన్న మరో అవయవాన్ని... గుండెను!

దిండ్లు పెరుగుతున్నాయా?

బీపీ, షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పినా, ఎప్పుడో గుండెపోటు వచ్చి వెళ్లినా గుండె కండరం నీరసిస్తుంది. వచ్చిన రక్తాన్ని వచ్చినట్టు ముందుకు తోయలేదు. పగలు నిలబడి, కూర్చుని ఉంటాం కాబట్టి ఒంట్లో అదనంగా చేరిన నీరు కాళ్లలోకి దిగుతుంది. సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. సాక్సు విప్పితే గాడి పడి ఉంటుంది. పడుకోగానే ఆ నీరు మెల్లగా రక్తంలో కలిసి పైకి వస్తుంది. గుండె ఆ భారం మోయలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. అందుకే నిద్రపట్టిన గంటకో, రెండు మూడు గంటలకో మెలకువ వస్తుంది. లేచి కూర్చుని కాళ్లు కిందికి వేలాడేస్తే నీరు మళ్లీ కిందికి దిగుతుంది... అరగంటలో హాయిగా ఉంటుంది.

ఆ హాయే మోసం చేస్తుంది. ‘తగ్గింది కదా’ అని తెల్లారాక ఎవరూ ఆసుపత్రి గడప తొక్కరు. పైగా ఇలాంటప్పుడు కొందరికి పిల్లికూతలు కూడా వినిపిస్తాయి. వైద్యులు దీన్ని ‘గుండె ఆస్తమా’ అని పిలిచింది అందుకే. ఊపిరితిత్తుల జబ్బేననుకుని ఇన్‌హేలర్‌తో నెలలు గడిపేస్తే అసలు వైద్యం ఆలస్యమవుతుంది. ఒక దిండు చాలే మనిషికి రెండు, తర్వాత మూడు కావాల్సి వస్తోందంటే అదీ గుండె చెబుతున్న కబురే. మూత్రపిండాలు దెబ్బతిన్నా ఒంట్లో నీరు నిలిచి ఇదే పరిస్థితి రావచ్చు.

బొగ్గుగని ఊళ్లలో ఇంకో మెలిక ఉంది. నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు రాత్రి మొదలయ్యేది పొద్దున్నే. గుండె ఆయాసానికి గడియారంతో పనిలేదు, పడుకోవడంతోనే పని. కాబట్టి అది పగలు పదకొండింటికీ లేపుతుంది. ఇంట్లోవాళ్లు ‘ఎండకు ఉక్కపోసింది’ అనుకుంటారు. రామగుండం ఎండలు అలాంటివే మరి!

తెల్లవారుజాము దగ్గు

ఆస్తమా సంగతి వేరు. శ్వాసనాళాలు తెల్లవారుజామున సహజంగానే కాస్త ముడుచుకుంటాయి. ఆస్తమా ఉన్నవాళ్లలో అది మరీ ఎక్కువ. మూడు నుంచి ఐదు గంటల మధ్య దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టుండటం... ఇవీ గుర్తులు. పరుపుల్లోని దుమ్ము పురుగులు, దోమల చుట్టల పొగ, చలికాలంలో నేలబారుగా నిలిచే పొగమంచు దాన్ని రెచ్చగొడతాయి. ఏళ్ల తరబడి బీడీ కాల్చినవాళ్లలో వచ్చే సీఓపీడీలో కళ్లె ఉమ్మేశాకగానీ ఊపిరి తేలికపడదు. బీడీ ముట్టకపోయినా బొగ్గుదుమ్ము ఒక్కటే సీఓపీడీ తేగలదు. బాయి దిగకపోయినా బొగ్గు పొయ్యి ముందు సగం జీవితం గడిపిన ఆడవాళ్లకూ రావచ్చు. వాళ్ల దమ్మును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నిజానికి ఆ ఇళ్లలో ముందు పరీక్ష చేయించాల్సింది వాళ్లకే.

గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేచి, నాలుగు శ్వాసలకే కుదుటపడేవాళ్లున్నారు. ఇది స్లీప్ ఆప్నియా. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే మనిషికి ఇది ఉంటే ప్రమాదం పడకగదితో ఆగదు, స్టీరింగ్ మీదే కునుకు వస్తుంది. రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి కారంగా తిని వెంటనే నడుం వాల్చేవాళ్లకు కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్ని దగ్గు, ఉక్కిరిబిక్కిరి రావచ్చు. ఇక గుండెదడ, చెమటలు, చచ్చిపోతానన్న భయంతో లేవడం ఆందోళన వల్ల కూడా కావచ్చు. కానీ గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయని తేలాకే ఆ మాట అనుకోవాలి.

ఎక్స్‌రే ఒక్కటే చాలదు

గని కార్మికులకు ఐదేళ్లకోసారి వైద్యపరీక్ష జరగాలని 1955 నాటి గనుల నిబంధనల్లోనే ఉంది. ‘పీఎంఈలో ఎక్స్‌రే బాగానే ఉందన్నారు’ అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. ఆ ఎక్స్‌రే ప్రధానంగా వెతికేది ఊపిరితిత్తుల్లోని మచ్చల్ని. గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో తెలియాలంటే ఈసీజీ, ఎకో కావాలి. శ్వాసనాళాలు ఎంత ముడుచుకున్నాయో స్పైరోమెట్రీ చెబుతుంది. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ కూడా చూడాలి. రక్తహీనత ఆయాసాన్ని రెట్టింపు చేస్తుంది.

ఆయాసం వచ్చినప్పుడు పడుకోబెట్టకూడదు. కాళ్లు కిందికి వేసి కూర్చోబెట్టాలి. నిద్రమాత్ర ఇవ్వొద్దు. మాట తడబడినా, పెదవులు నీలంగా మారినా, గులాబీరంగు నురగ పడినా, ఛాతీలో నొప్పి ఉన్నా, కూర్చున్నా తగ్గకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. షుగరున్నవాళ్లలో నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.

డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు. నిద్రపట్టిన ఎంతసేపటికి లేచాడు, గురక మధ్యలో ఆగిందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నాడు... డాక్టరు అడిగే ఈ మూడింటికీ సరైన జవాబు తెలిసిన మనిషి పక్కమంచం మీద మేలుకుని ఉన్నావిడే.