ప్రశ్న అడుగు విధము

మన పాఠశాల విడిచి కళాశాలలో చేరిన విద్యార్థులలో కొందరు ఇటీవల మనస్తత్వ శాస్త్రమును పాఠ్యవిషయముగా గైకొనుచున్నారు. అందు సాంఘిక మనస్తత్వ శాస్త్రమను శాఖ యొకటి కలదు. ఒంటిగా నున్నప్పుడు మనుష్యుని తలపు ఒక తీరున, నలుగురిలో నున్నప్పుడు మరియొక తీరున నడచును. ఆ భేదమును పరిశీలించుట దాని పని. క్రొత్తగా చేరినవారు సిద్ధాంతములను, పండితుల పేర్లను సులభముగనే వల్లింతురు గాని, పరిశోధనా పద్ధతుల పాఠము వచ్చునప్పటికి బెదరుదురు. మేము ఇంటర్మీడియేటు దాటి చదివినవారము కాము. ఐనను ఆ పద్ధతుల యావశ్యకత మాకు ఒక పొరపాటు మూలమున తెలిసివచ్చినది గనుక దానినే ముందుగా చెప్పుచున్నాము.

తల్లిదండ్రుల సమావేశములో మేము లేచి, "మీ యింట పిల్లలు తెలుగు పుస్తకములు చదువుచున్నారా?" అని అడిగితిమి. ఇంచుమించు అందరును చేతు లెత్తిరి. మాకు మిక్కిలి సంతోషము కలిగెను. మన విద్యార్థులలో అత్యధికులు ఇండ్లయందు తెలుగు గ్రంథములు చదువుచున్నారని నివేదికలో వ్రాసితిమి కూడ. సంక్రాంతి సెలవులకు ఇండూరు వచ్చిన మా పూర్వవిద్యార్థిని యొకతె, కళాశాలలో ఈ శాస్త్రమునే చదువుచున్నది, ఆ చిత్తుప్రతి చూచి నవ్వినది.

"అయ్యవారూ, మీరే నిలబడి అడిగితే లేదని ఎవరంటారు?"

మొదట మా మనసునకు కష్టముగనే తోచెను. ఆమె అంతటితో విడువక, సమావేశమునకు వచ్చినవారెవ్వరని అడిగినది. పిల్లల చదువుపై శ్రద్ధ గలవారే వత్తురు గదా! కూలిపనులకు బెంగళూరికో తిరుప్పూరికో పోయినవారి పిల్లలు అవ్వతాతల యొద్ద నున్నారు. వారి మాట మా లెక్కలోనికి రానేలేదు. శాస్త్రమున దీనిని నమూనా దోషమందురు. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూతుము నిజమే. కాని గరిటెతో అడుగంట కలిపిన పిమ్మట గదా ఆ మెతుకు కుండకంతటికి సాక్ష్యమగును! తరువాత గ్రంథాలయపు బీరువా తెరచి రిజిస్టరు చూడగా, ఇంటికి పోయిన పుస్తకములు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నియే యుండెను.

చెప్పునది వేరు, చేయునది వేరు అను మాట మన పెద్దలకు తెలియనిది కాదు. దానిని లెక్కకట్టి చూపినవాడు లపియర్ అను అమెరికా పండితుడు. చైనావారిపై ఆ దేశమున ద్వేషము ప్రబలియున్న దినములలో, 1930 మొదలు 1932 వరకు, ఆయన ఒక చైనా దంపతులను వెంటబెట్టుకొని వేలకొలది మైళ్ళు తిరిగెను. 251 భోజనశాలలకును బసలకును పోగా, ఒక్కచోట మాత్రమే వారిని కాదనిరి. పిమ్మట ఆ స్థలములకే జాబులు వ్రాసి, చైనావారిని రానిత్తురా యని అడిగెను. ప్రత్యుత్తరమిచ్చిన 128 మందిలో నూటికి తొంబదిమందికి పైగా రానీయమనిరి! ఈ వ్యాసము 1934లో వెలువడెను. ఇందును ఒక లోపము లేకపోలేదు. వాకిట నిలిచి ఆహ్వానించినవాడును, జాబు వ్రాసినవాడును ఒక్కడే యని ఏమి నమ్మకము? చదువునప్పుడే ఇట్టి సందేహము పుట్టిన విద్యార్థికి పద్ధతుల పాఠము పట్టుబడినట్లే.

ఇక తెలుగుదేశమున జరిగిన ప్రయోగమే యొకటి ప్రపంచమున పేరుపొందినది. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలండ్, కార్యమును మేలుగా సాధింపవలెనను తపనకు సాధనాకాంక్ష యను విలువనిచ్చి, అది పెద్దవారిలో సైతము శిక్షణవలన పెరుగునా యని పరీక్షింపదలచెను. 1964లో కాకినాడకు చెందిన 52 మంది వర్తకులు, చిన్న పరిశ్రమల యజమానులు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో సుమారు పది దినములు శిక్షణ పొందిరి. బొమ్మ నొకదానిని చూపి కథ వ్రాయుమనుట, ఆ కథలో సాధనకు సంబంధించిన తలపులు ఎన్ని కలవో లెక్కించుట, కొయ్యకు వలయములు విసరు ఆట ఆడించుట, ఇట్టివి అందలి పాఠములు. ఆ ఆట మాకు మిక్కిలి నచ్చినది. దగ్గర నిలిచి విసరువాడు తప్పడు గాని అందు ఘనత లేదు. మిక్కిలి దూరమున నిలిచినవాడు అదృష్టమును నమ్ముకొన్నవాడు. తన శక్తి నెరిగి నడుమ నిలుచువానికే సాధనాకాంక్ష మెండు.

తరువాత వారిలో పలువురు వ్యాపారములను పెంచిరి, క్రొత్త పనులు మొదలిడిరి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఇంతవరకే వల్లించి పరీక్షలో వ్రాయుదురు. అసలు విషయము దీని తరువాత నున్నది. ఆ సంవత్సరములలో పంటలు పండి, బేరములు పెరిగి, శిక్షణ లేనివారును బాగుపడియున్నచో? అందుచేతనే అప్పటికి అదే జిల్లాలో నుండిన రాజమహేంద్రవరమున శిక్షణ పొందని వర్తకుల వ్యవహారములను గూడ గమనించి, రెంటిని పోల్చిచూచిరి. మనకు చేరువనున్న రాయవేలూరులోను ఇట్టి శిక్షణ జరిగినది. మరియొక జాగ్రత్త: కథలు వ్రాయుట నేర్పినవారికే మరల కథల పరీక్ష పెట్టినచో వారు గెలుచుట వింత కాదు. కావున కథల నంతటితో విడిచి, పెట్టుబడి పెట్టిరా, క్రొత్తవారికి పని కల్పించిరా అని చేతలను లెక్కించిరి. మెక్లెలండ్, వింటర్ అనువారు కలిసి 1969లో దీనిని గ్రంథముగా ప్రకటించిరి. ఇంత చేసినను ఒక చిక్కు మిగిలియే యున్నది. పనులు మాని హైదరాబాదు పోవుటకు ఒప్పుకొన్నవారు మొదటినుండియే ఉత్సాహవంతులేమో!

మన పిల్లలకు ఈ శాస్త్రమున ఒక అనుకూలము కలదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, గ్రంథములో ఇంగ్లీషు. ప్రశ్నావళిని ఒక భాషనుండి మరియొక దానికి మార్చినప్పుడు, వేరొకనిచేత తిరిగి మొదటి భాషలోనికి మార్పించి పోల్చవలెనని నియమము. అది ఎందులకో మన పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. "తెలుగు చదువు అవసరమా?" అని అడిగితిమనుకొందము. తెలుగున అవసరమనగా కావలసినది. తమిళమున అవసరమనగా తొందర. తమిళమునకు అలవాటుపడిన తండ్రి "ఇప్పుడేమి తొందర?" అని తలచి లేదనును. మనము అతనికి తెలుగుపై అభిమానము లేదని వ్రాసికొందుము!

పాఠశాల తెరచిన పిమ్మట ఆ విద్యార్థిని రెండు దినములు నిలిచి, తానే పిల్లలను అడిగినది. అడుగుటకు ముందు ఇష్టము లేనివారు చెప్పనక్కరలేదన్నది, పేర్లు వ్రాయలేదు, తెలుగు అను మాటయే ఎత్తలేదు. నిన్న బడి విడిచినది మొదలు నిద్రపోవువరకు ఏమేమి చేసితివని మాత్రమే అడిగినది. పుస్తకము మాట చెప్పినవారు కొలదిమందియే. కాని ఒక బాలిక, ఇంటికి వచ్చిన పెండ్లిపత్రికను అక్షరములు రాని అవ్వకు చదివి వినిపించితినన్నది. మా ప్రశ్నకు ఇట్టి జవాబు ఎన్నటికిని వచ్చియుండదు.

నివేదికలోని ఆ వాక్యమును కొట్టివేసితిమి. పిల్లలచే పుస్తకములు ఇంటికి పంపు ఏర్పాటు ఈ సంవత్సరము మొదలిడినాము. దాని ఫలము తెలియుటకై, ఆరవ తరగతిలో చీట్లు వేసి సగముమందికి ఇప్పుడును, తక్కినవారికి త్రైమాసిక పరీక్షల పిమ్మటను ఇచ్చునట్లు నిర్ణయించితిమి. చీట్లు వేసిన దినమున పేరు రాని బాలుడొకడు ఏడ్చెను. మాకు జాలి కలిగి అతని పేరు చేర్చబోగా, ఆ విద్యార్థిని టెలిఫోనులో, "వద్దు అయ్యవారూ, ఏడ్చినవాళ్ళకల్లా ఇస్తే ఇక పోలికేముంటుంది?" అన్నది. చీటి మార్చలేదు. త్రైమాసిక పరీక్షలు కాగానే మొదటి పుస్తకము అతనికే.